స్థానిక మొక్కల సంఘం: మొదటి ఏడాది ఏ పనులు చేపట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. మా ప్రాంతంలో సహజంగా పెరిగే మొక్కలంటే ఇష్టమున్న పదిహేను మందిమి ఇటీవల ఒక సంఘంగా ఏర్పడ్డాము. సభ్యులు వెంటనే మొక్కలు నాటాలని ఉత్సాహపడుతున్నారు గాని, ఇక్కడ ఏ జాతులు ఉన్నాయో తెలుసుకోకుండా నాటడం సబబేనా అన్న సందేహం నన్ను వదలడం లేదు. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
మీ సందేహం సరైనదే. మేము తొలి ఏడాదంతా ఒకే దారిలో నెలనెలా నడిచి, ఏ మొక్క ఎప్పుడు చిగురించిందో, ఎప్పుడు పూసిందో, కాయ ఎప్పుడు పండిందో రాసుకున్నాము. విత్తన సేకరణకు వెళ్ళవలసిన వేళలను ఆ తరువాత ఆ పుస్తకమే చెప్పింది. స్థలం యజమాని అనుమతి తీసుకున్నాకే సేకరించండి. ఆ రోజుకు పండిన గింజల్లో 20 శాతానికి మించి కోయకుండా, ఒకే చెట్టు మీద ఆధారపడక వీలైనన్ని చెట్ల నుంచి కొద్దికొద్దిగా తీసుకుని, సంచి మీద చోటు, తేదీ తప్పక రాయండి. చోటు తెలియని గింజ ఎంత మంచిదైనా మేము నాటము. వేప గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది కనుక వెంటనే విత్తాలి. రేల గింజకు పెంకు గట్టిది కాబట్టి దానిని గరుకు రాయి మీద కాస్త అరగదీసి నానబెడితే త్వరగా మొలుస్తుంది.

రెండవ జవాబు:
నాటడం కన్నా ముందు తొలగించడం నేర్చుకోవాలని నా అభిప్రాయం. అమెరికా ఖండాల నుంచి వచ్చిన వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కను పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకాలి. కొందరికి అది తాకితే చర్మం దద్దురెక్కుతుంది, అందుచేత చేతి తొడుగులు తప్పనిసరి. అక్కడి నుంచే వచ్చిన లంటానా అనే పొదను పైపైన నరికితే మొదలు నుంచి మళ్ళీ దట్టంగా చిగురిస్తుంది. వేరు మొదలుతో పెకలించినా, పక్షులు దాని పండ్లు తిని గింజలు వదులుతుంటాయి కనుక అదే చోటికి ఏళ్ళ తరబడి తిరిగి వెళ్ళవలసి వస్తుంది.

మూడవ జవాబు:
పై సలహాలు మంచివే, కాని కేవలం నమోదు పనితో కొత్తవారు నిలవరు. ఒక్కొక్కరికి నాలుగు కుండీలు అప్పగించి, ఇంటి దగ్గర నారు పెంచమనండి. జిల్లేడు ఆకుల మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళి పురుగులను ఒకసారి దగ్గరగా చూపించండి. ఆ మొక్కను పనికిరానిదిగా పీకేయబోయిన మా సభ్యుడొకరు ఇప్పుడు దానికి కాపలా కాస్తున్నారు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. వచ్చే సమావేశంలో నడక దారిని ఎంచుకుంటాము. కుండీలు కూడా ఆ రోజే పంచుతాము.