మెంటర్ చేతికి స్పానర్ ఇవ్వాలా, వద్దా?

ప్లేనో తండ్రి:
మేం అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి. పాఠశాల రోబోటిక్స్ జట్టులో ఇది రెండో ఏడాది. ఫస్ట్ (FIRST) అనే సంస్థ హైస్కూలు పిల్లలకు నడిపే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ (ఎఫ్‌ఆర్‌సీ) అనే పోటీలో ఆడతారు. జట్టుకు దారి చూపే పెద్దాయన, అంటే మెంటర్, పగలు ఉద్యోగం చేసుకుని, జనవరి నుంచి వారానికి నాలుగు సాయంత్రాలు, శనివారం పూర్తిగా పిల్లలకే ఇస్తారు. పైసా తీసుకోరు.

మొన్నటి పోటీలో రోబో చేయి గేర్‌బాక్స్ దగ్గర విరిగింది. తర్వాతి మ్యాచ్‌కు ఇరవై నిమిషాలే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "ముందు ఏది విప్పాలి?" అని పిల్లలనే అడుగుతూ నిలబడ్డారు. పక్క జట్టు పిట్‌లో, అంటే రోబోను బాగుచేసుకునే చోట, ముగ్గురు పెద్దలు రోబో మీద వంగి పని చేస్తుంటే పిల్లలు పనిముట్లు అందిస్తున్నారు. వాళ్లు గెలిచారు. మావాళ్లు చేయి లేని రోబోతో దిగి ఓడిపోయారు. ఇప్పుడు తల్లిదండ్రులంతా ఆయన మీద కోపంగా ఉన్నారు. నాకూ కోపం వచ్చింది, దాచను. అలాంటి సమయంలో మెంటర్ స్పానర్ పట్టుకుంటే తప్పేమిటి?

శాన్ హోసే మెంటర్:
తప్పు లేదండీ, పట్టుకోవాల్సిందే. నేను ఇక్కడ కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లుగా ఒక జట్టుతో పని చేస్తున్నాను. డీన్ కామెన్ అనే ఆవిష్కర్త 1989లో ఫస్ట్‌ను స్థాపించినా, 1992లో తొలి పోటీ జరిగినా, అది పిల్లలను ఒంటరిగా పరీక్షించడానికి కాదు. ఇంజనీరు ఎలా ఆలోచిస్తాడో పక్కనే నిలబడి చూడాలన్నది ఉద్దేశం. మ్యాచ్‌లో రోబోను నడిపేది విద్యార్థులే అయినా, వాళ్ల పక్కన కోచ్‌గా పెద్దవాళ్లు నిలబడవచ్చు. మెంటర్ రోబోను ముట్టుకోకూడదనే నియమం ఎఫ్‌ఆర్‌సీలో లేదు.

మా తాతగారిది నేత కుటుంబం. మా నాన్న గుంట మగ్గం పక్కన కూర్చుని తాతగారి చేతులు చూసి నేర్చుకున్నారు. పోగు తెగినప్పుడు తాతగారు "ఇప్పుడు ఏం చేయాలి?" అని ప్రశ్న వేసి ఊరుకోలేదు, కట్టి చూపించారు. విద్య చేతి నుంచి చేతికే వస్తుంది. ఇరవై నిమిషాల గడువులో పదిహేనేళ్ల పిల్లను ప్రశ్నలతో నిలబెట్టడం నాకు కఠినంగా తోస్తుంది.

పాత విద్యార్థిని:
శాన్ హోసే గారు, మీ తాతగారు కట్టి చూపించారు. ఆ తర్వాత మగ్గం మీ నాన్నగారికి వదిలారు కదా? చాలా జట్లలో ఆ రెండో సగం జరగదు.

మా మొదటి మెంటర్ చాలా మంచివారు, చాలా తెలివైనవారు. అప్పట్లో మ్యాచ్ మొదట్లో పదిహేను సెకన్లు రోబో తనంతట తానే కదలాల్సి ఉండేది. ఆ కోడ్ మాకు కుదరలేదని పోటీ ముందు రాత్రి ఆయనే కూర్చుని రాసేశారు. మర్నాడు అది చక్కగా పని చేసింది. అప్పుడు ఒక న్యాయనిర్ణేత వచ్చి, "ఇది దారి తప్పకుండా ఎలా వెళ్తోంది?" అని నన్ను అడిగారు. ప్రోగ్రామింగ్ బాధ్యురాలిని నేనే. నోరు పెగలలేదు. ఆ రోజు గెలిచాం. ఇంటికి వెళ్లి ఏడ్చాను.

మరుసటి ఏడాది వచ్చిన మెంటర్ మాకు వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఇచ్చారు. మ్యాచ్ మధ్యలో రోబో ఆగి ఆగి నడుస్తుంటే మేమందరం కోడ్‌ను తిట్టుకున్నాం. ఆవిడ, "బ్యాటరీ కొలిచారా?" అని ఒక్క మాట అడిగారు. మోటార్లన్నీ ఒక్కసారిగా లాగినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోతుంది. అప్పుడు రోబోను నడిపే చిన్న కంప్యూటర్, అంటే కంట్రోలర్, తనను కాపాడుకోవడానికి మోటార్లను ఆపేస్తుంది. అది కనిపెట్టడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆవిడకు మొదటి నిమిషంలోనే తెలిసి ఉంటుంది. ఆ మూడు సాయంత్రాలూ చెప్పకుండా ఓర్చుకున్నందుకు ఆవిడకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఎఫ్‌ఆర్‌సీలో మెంటర్లకు ఇచ్చే వుడీ ఫ్లవర్స్ అవార్డు 1996 నుంచి ఉంది. ఎంఐటీ ఆచార్యుడు, ఈ పోటీకి రూపమిచ్చినవారిలో ఒకరైన వుడీ ఫ్లవర్స్ పేరు దానికి పెట్టారు. ఎవరికి ఇవ్వాలో ప్రతిపాదిస్తూ వ్యాసం రాసేది విద్యార్థులే. అందులో చూసేది రోబో ఎంత బాగా చేశారన్నది కాదు, ఇంజనీరింగ్‌ను పిల్లలకు ఎలా అందించారన్నది.

సైన్స్ టీచర్, ప్రకాశం జిల్లా:
మీ చర్చ చదువుతుంటే ముగ్గురు మెంటర్లున్న పిట్ నాకు కలలా ఉంది. మాది అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు పరికరాలు తయారు చేసి నేర్చుకునే ప్రయోగశాల, ఉన్న పాఠశాల. నీతి ఆయోగ్ పథకం కింద ఇలాంటి ల్యాబ్‌కు 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మాకు ఆర్డుయినో బోర్డులు (పరికరాలను నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు) వచ్చాయి, త్రీడీ ప్రింటర్ వచ్చింది. చాలా కాలం సగం పెట్టెలు తెరవనేలేదు. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని, భయమేసేది.

తర్వాత ఒక యువ ఇంజనీరు ప్రతి శనివారం బస్సెక్కి రావడం మొదలుపెట్టాడు. మొదటి నెల అంతా అతనే టంకం వేసి చూపించాడు. చేతికి సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ తగలని పిల్లలను "ఆలోచించండి" అంటే ఏం ఆలోచిస్తారు? అక్కడ శాన్ హోసే గారి మాటే నిజం. రెండో నెల నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు ఏడో తరగతివాళ్లకు టంకం నేర్పారు. నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆపే పరికరం చేశారు. అది ఇప్పటికీ మా బడిలో పని చేస్తోంది.

కానీ అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక రెండో వారంలోనే ప్రింటర్ ఆగింది. కరిగిన ప్లాస్టిక్ బయటకు వచ్చే మొన, అంటే నాజిల్‌లో, ప్లాస్టిక్ గట్టిపడింది. ఇంతకుముందు అలా అయినప్పుడల్లా అతనే శుభ్రం చేసేవాడు. పాడవుతుందని పిల్లలను ముట్టుకోనిచ్చేవాడు కాదు. టంకం నేర్పినవాడు నాజిల్ ఎందుకు నేర్పలేదు? ఖరీదైనదని. నాలుగు నెలలు ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంచాం.

శాన్ హోసే మెంటర్:
టీచర్ గారు, ఆ నాజిల్ మాట నాకు గట్టిగా తగిలింది. మా జట్టులో లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం నేనే నడుపుతాను, భద్రత కోసమని. ఎనిమిదేళ్లలో ఒక్క విద్యార్థికీ నేర్పలేదు. అయినా పోటీ మధ్యలో విరిగిన చేయి విషయంలో నా మాట మార్చుకోను. అక్కడ పది నిమిషాలు పిల్లలకు ఇచ్చి, మిగతా పది నిమిషాలు నేను వాళ్లతో కలిసి పని చేస్తాను.

ప్లేనో తండ్రి:
నిన్న రాత్రి మా అమ్మాయిని అడిగాను, ఆ రోజు మెంటర్ సాయం చేసి ఉంటే బాగుండేదా అని. కాసేపు ఆలోచించి, "గేర్‌బాక్స్‌లో ఒక షాఫ్ట్ వంగింది నాన్నా, మాకు దొరకడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఇప్పుడైతే రెండు నిమిషాల్లో తీస్తాను" అంది. తర్వాత కాగితం తీసుకుని ఏ బోల్టు ముందు విప్పాలో బొమ్మ గీసి చూపించింది.

శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆ కాగితం తీసుకెళ్తున్నాను.

టీచర్ గారు, మీ ప్రింటర్ మోడల్ ఏదో ఇక్కడ రాయండి. నాజిల్ శుభ్రం చేసే పద్ధతిని మా జట్టు పిల్లలు తెలుగులో వీడియో తీసి పంపుతారట.