బొంబాయి అని ఫోన్ చూసి చెప్పడం తప్పా? గడి నింపేటప్పుడు వెతకొచ్చా, వెతక్కూడదా

నిలువు నాలుగు (మైలాపూర్)

అందరికీ నమస్కారం. పొద్దున్న మా ఇంట్లో జరిగింది చెప్పి మీ మాట అడుగుదామని రాస్తున్నాను. మా మామయ్యగారికి 78 ఏళ్ళు, కాఫీ తాగుతూ తెలుగు పేపర్లో గడిని, అంటే అడ్డం నిలువు ఆధారాలతో మాటలు నింపే గళ్ళ పజిల్‌ని, పెన్సిల్‌తో నింపడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు, పెళ్ళయి వచ్చాక అది నాకూ అంటుకుంది. ఇప్పుడు ఇద్దరం కలిసే కూర్చుంటాం. ఇవాళ అడ్డం 4 "అమృతాంజనం పుట్టిన ఊరు (3)". ఆయన ఒక్క క్షణం కూడా ఆగకుండా మద్రాసు అని రాసేశారు, మైలాపూర్‌లో అమృతాంజనం ఆఫీసున్న లజ్ వైపు రోజూ తిరిగే మనిషికి ఇంకేం తోస్తుంది. నాకెందుకో అనుమానం వచ్చి ఫోన్‌లో చూశాను. కాశీనాథుని నాగేశ్వరరావు గారు దాన్ని మొదలుపెట్టింది 1893లో, బొంబాయిలో. బొంబాయి కూడా మూడక్షరాలే.

చెప్పగానే మామయ్యగారు మద్రాసు చెరిపేసి, బొంబాయి రాసి, పెన్సిల్ పక్కన పెట్టేశారు. "మిగతాది నువ్వు నింపేయమ్మా" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా బాధేసింది. నేను చేసింది తప్పా? తెలియని విషయం వెతికి తెలుసుకుంటే తప్పెలా అవుతుంది?

పెరంబూర్ బాబాయ్

తప్పేనమ్మా. నిన్ను నొప్పించాలని కాదు, అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇవాళ్టి గడి నేనూ నింపాను, నేనూ మొదట మద్రాసే రాశాను. ఆ ఊరిపేరులో మధ్య గడి మీదుగా నిలువు 5 దిగుతుంది చూడు, "తీర్చాల్సిన సొమ్ము (2)". మద్రాసు అనుకుంటే మొదటి అక్షరం ద్రా. ద్రాతో మొదలై రెండక్షరాల్లో ఉండే మాట నాకు ద్రాక్ష ఒక్కటే తోచింది, అదేం తీర్చే సొమ్ము కాదుగా. అప్పు పట్టదు. బాకీ అని వెలగ్గానే మధ్యలో బా పడింది, బొంబాయి దానంతటదే వచ్చింది. నాకు అమృతాంజనం చరిత్ర తెలియదు, అయినా గడే నాకు చెప్పింది. మీ మామయ్యగారు ఇంకో రెండు నిమిషాల్లో అక్కడికి వచ్చేవారు. ఆయనకి రావాల్సిన ఆ క్షణాన్ని నువ్వు ముందే లాగేసుకున్నావు, అందుకే పెన్సిల్ కింద పెట్టారు.

1942 జనవరిలో లండన్లో డైలీ టెలిగ్రాఫ్ వాళ్ళు తమ ఆఫీసులోనే పోటీ పెట్టారు, 12 నిమిషాల్లో గడి నింపమని. ఆ తర్వాత అందులో కొందరిని బ్లెచ్‌లీ పార్క్‌లో రహస్య సంకేతాలు విప్పే పనికి పిలిచారు. వాళ్ళకి విషయాలు ఎక్కువ తెలుసని కాదు పిలిచింది, తెలియనిదాన్ని తెలిసినదాని సాయంతో పట్టుకోగలరని.

టీనగర్ అమ్మాయి

బాబాయ్ గారూ, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీకు బాకీ తోచింది కాబట్టి ఇలా అనగలుగుతున్నారు. నేను పుట్టిందీ పెరిగిందీ చెన్నైలో, బళ్ళో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు మా అమ్మమ్మ సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. రోజూ గడిలో సగం మాటలు నేను ఇంట్లో వినని మాటలు. ఫోన్ ముట్టొద్దంటే నాకు గడే లేదు. వెతికాను కాబట్టే మా టీనగర్‌కి ఆ పేరు పిట్టి త్యాగరాయ శెట్టి గారి వల్ల వచ్చిందని, ఆయన తెలుగువారని, పానగల్ పార్కులోని పానగల్ అంటే 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రధానిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రిలా, ఉన్న పానగల్లు రాజా అని తెలిసింది. ఆ పార్కు పక్కన బస్సు కోసం ఎన్ని వందల సార్లు నిలబడ్డానో. ఇదంతా దొంగతనం కింద లెక్కేస్తారా?

ఇంకో సంగతి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొట్టమొదటి గడిలో "ఫన్" అనే మాటని ఆయనే నింపి ఇచ్చాడు. అంటే మొదటి రోజునుంచీ చెయ్యి అందించడం ఉంది.

పెరంబూర్ బాబాయ్

గడి కట్టినవాడు చెయ్యి అందించడం వేరు తల్లీ, బయట్నుంచి లాక్కోవడం వేరు. నువ్వు చదివి తెలుసుకోవడం నాకు చాలా సంతోషం, నిజంగా. అది గడి నింపేశాక చెయ్యి అంటాను.

గళ్ళ పిచ్చి (అయనావరం)

నేను మా తెలుగు సంఘం పత్రికకి నెలకొక గడి కడతాను, కట్టేవాడి వైపు నుంచి రెండు మాటలు.

మీరిద్దరూ రెండు వేరు వేరు రకాల ఆధారాల్ని ఒకే గాటన కడుతున్నారు. "తల తిరిగిన తీగ (2)" అన్నాననుకోండి. తల అన్న మాటని తిరగేస్తే లత. "తిరగేస్తే కలప, అక్షరాలు దిద్దుకోవచ్చు (3)" అంటే పలక. "ఎటునుంచి చదివినా తెనాలివాడే (5)" అంటే వికటకవి. వీటిలో జవాబు ఆధారంలోనే దాగి ఉంటుంది, పట్టుకోగానే సరైనదే అని మనకే తెలుస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇలాంటివాటికి ఫోన్ తియ్యడమంటే నా కష్టాన్నీ మీ ఆనందాన్నీ రెండింటినీ పారేయడమే. ఇందులో బాబాయ్ గారితో నేను నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను.

కానీ "పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన ఇంటి యజమాని ఇంటిపేరు (3)" అని ఇస్తే? జవాబు బులుసు. లు, సు నిలువు మాటల నుంచి వచ్చేసినా బు ఎలా వస్తుంది? ఎంత తెలివైనవాడైనా ఆలోచించి పట్టుకునే దారి లేదు, తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. అలాంటిది వెతకడం తప్పు కాదు, నేను ఇచ్చేదే మీరు వెతకాలని. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇల్లది, 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి 58 రోజులు ఏమీ తినకుండా ఉండి డిసెంబరు 15న అక్కడే పోయారు శ్రీరాములు గారు. సాంబమూర్తి గారు మద్రాసు శాసనసభకి స్పీకర్‌గా చేసిన మనిషి. మన ఊళ్ళోనే ఉన్న ఇల్లు, ఎంతమందికి తెలుసు చెప్పండి.

అయితే కట్టేవాడికీ ఒక ధర్మం ఉంది. తెలిస్తేనే వచ్చే రెండు పేర్లని ఒకదాని మీదుగా ఒకటి దాటించకూడదు. ఆ గడిలో అక్షరం పట్టుకోవడానికి నింపేవాడికి ఏ ఆధారమూ మిగలదు. తెలుగులో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ఇంగ్లీషు గడిలో పడేది 26 అక్షరాల్లో ఒకటి, మనకి గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి ఒక్క గడిలోకే వస్తాయి, శ్వ అంటే శ్వ అనే సరిపోవాలి, శ కుదరదు. ఊహించి నింపడం అసాధ్యం. అదే కారణంగా ఒక్క అక్షరం దొరికితే మాత్రం సగం జవాబు దొరికినట్టే, బాబాయ్ గారికి బా దొరికినట్టు.

టీనగర్ అమ్మాయి

ఇది బాగుంది అన్నా, ఒప్పుకుంటున్నాను. తిరగేసే ఆధారాలకి ఇక చూడను. మరి నాకు అసలు తెలియని తెలుగు మాట వస్తే? పేరు కాదు, మాటే. మొన్న "కోయిల (3)" అని ఇచ్చి పికము జవాబు అన్నారు. నేను జన్మలో వినలేదు.

గళ్ళ పిచ్చి (అయనావరం)

నిఘంటువు చూడమ్మా. నేను కట్టేటప్పుడు రోజూ చూస్తాను.

పెరంబూర్ బాబాయ్

నిఘంటువు సరే. అందులో మాట వెతుక్కుంటూ పోతుంటే దారిలో పది మాటలు కనిపిస్తాయి, మా నాన్నగారు అలాగే నేర్పారు. పేర్ల సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను. బులుసు నాకు తెలుసు, చిన్నప్పుడు మా నాన్నగారు ఆ ఇల్లు చూపించారు. తెలియనివాడు ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసి, మర్నాడు పేపర్లో జవాబు వచ్చాక చూసుకుంటే ఏం పోయింది? ఖాళీ గడి అంటే సిగ్గుపడాల్సింది కాదు. రోజంతా అది మనసులో తిరుగుతూ ఉంటుంది, పనిలో ఉన్నా తిరుగుతుంది, మర్నాడు చూసిన జవాబు ఇక మరిచిపోం. వెంటనే వెతికి నింపింది సాయంత్రానికి గుర్తుండదు. నేను నా మనవడి దగ్గర కళ్ళారా చూశాను.

నిలువు నాలుగు (మైలాపూర్)

అందరికీ ధన్యవాదాలు. బాబాయ్ గారు చెప్పిన బాకీ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్యగారితో అన్నాను. "అదేనమ్మా నేను చెప్పబోయింది, నిలువు 5 చదివేలోపే నువ్వు చెప్పేశావు" అన్నారు. తొందరపడ్డందుకు క్షమించమని అడిగాను. తర్వాత ఆయనే నాగేశ్వరరావు గారి సంగతులు మొదలుపెట్టారు. ఆంధ్రపత్రిక కూడా 1908లో బొంబాయిలోనే వారపత్రికగా పుట్టిందట, 1914లో మద్రాసులో దినపత్రిక అయిందట, అమృతాంజనం మీద వచ్చిన డబ్బు పత్రికకి పెట్టేవారట. పత్రిక సంగతి ఇంత బాగా తెలిసీ మందు బొంబాయిలో పుట్టిందని తట్టలేదే అని ఆయనకి లోపల కష్టంగా ఉందని నాకప్పుడు అర్థమైంది.

ఇద్దరం ఒక మాట అనుకున్నాం. కాఫీ అయ్యేదాకా ఫోన్ హాల్లోనే ఉంటుంది. ఆ తర్వాత కూడా పేర్లు మిగిలితే నేను చూస్తాను, కానీ ఆయన అడిగితేనే చెబుతాను. మాటలతో ఆడే ఆధారాలకి మాత్రం మర్నాటిదాకా ఆగుతాం. బాబాయ్ గారు ఒప్పుకోరని తెలుసు. సాయంత్రం ఎండ తగ్గాక నాగేశ్వరరావు పార్కుకి నడుస్తాం, రేపటి గడి వచ్చాక మళ్ళీ రాస్తాను.

పెరంబూర్ బాబాయ్

ఒప్పుకోను, కానీ మామయ్యగారిని అడిగానని చెప్పమ్మా. రేపు అడ్డం 1 నింపాక ఇక్కడ జవాబు రాయొద్దు, నేను పేపర్ తీసేసరికి తొమ్మిదవుతుంది.