నాజియా హసన్ అందరికీ గుర్తే, తోడబుట్టిన జోహెబ్ ఏమైపోయాడు?

కృష్ణలంక_కిట్టు:
మా ఆఫీసులో పాకిస్తాన్ పాప్ సింగర్ నాజియా హసన్ అంటే పెద్దాళ్ళందరికీ గుర్తొచ్చింది, జోహెబ్ ఎవరంటే ఒక్కళ్ళకీ తెలీలా. ఇద్దరి కెరీర్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. అన్నాచెల్లెళ్ళు కలిసి ఆల్బమ్స్ చేస్తే ఒకళ్ళ పేరే ఎందుకు నిలబడుద్ది? పన్లో పని, వాళ్ళ ఆల్బమ్ 'డిస్కో దీవానే' ఒరిజినల్ క్యాసెట్ బెజవాడలో ఎక్కడన్నా దొరుకుద్దా?

బ్రాడీపేట_రమణి:
అక్కాతమ్ముళ్ళండీ. ఆమె 1965, అతను 1966. మా తమ్ముడూ నేనూ గుంటూరు ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ళం. చవితి పందిళ్ళ కమిటీవాళ్ళు ఫోన్ చేసి "మీరొస్తే చాలు మేడమ్, మీ తమ్ముడికి ఇవ్వాలంటే మా బడ్జెట్ సరిపోదు" అనేవాళ్ళు, వాడేమో పక్కనే కూర్చుని అన్నం తింటూ వినేవాడు. ఆఖరికి మైకు వదిలేసి ప్యాడ్స్ వాయించుకున్నాడు.

పాతరికార్డ్_ప్రసాద్:
ఎల్పీ రికార్డు నా దగ్గరుంది కాబట్టి కరెక్టుగా చెప్తా. 1980లో హిందీ సినిమా 'ఖుర్బానీ'లో 'ఆప్ జైసా కోయీ' ఆమె ఒక్కతే పాడింది, అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల, దానికే ఫిలింఫేర్ వచ్చింది. జోహెబ్ వచ్చింది 1981లో, 'డిస్కో దీవానే'తో. బస్సు నిండాక ఎక్కినోడికి కిటికీ సీటు ఎవరిస్తారు?

మిర్చియార్డ్_రాజు:
ఖుర్బానీ మ్యూజిక్ కళ్యాణ్‌జీ ఆనంద్‌జీ సార్. అది కూడా చెప్పండి.

పాతరికార్డ్_ప్రసాద్:
మిగతా పాటలు వాళ్ళవి. ఆ ఒక్కటీ బిడ్డుది. బెంగళూరు నుంచి లండన్ పోయి 'కుంగ్ ఫూ ఫైటింగ్' అనే ఇంగ్లీషు పాట ప్రొడ్యూస్ చేసినాయన. కవర్ వెనక చూసుకోండి.

మిర్చియార్డ్_రాజు:
కవర్లు మా ఇంట్లోనూ ఉన్నాయి, మా నాన్న బీసెంట్ రోడ్డులో కొన్నవి. ఒక్క పాట చేసినోడికి సినిమా మొత్తం రాసిచ్చేస్తారా?

పాతరికార్డ్_ప్రసాద్:
సినిమా సంగతి నేనెత్తానా మహాప్రభో? పాట గురించి మాట్లాడుతున్నా.

కీబోర్డ్_శీను:
ఇద్దరూ కాస్త ఆగండి, ఆ పాట స్టేజి మీద ఎన్నిసార్లు వాయించానో నాకే లెక్కలేదు. లండన్లో మల్టీట్రాక్ మీద ఏ వాయిద్యం దానికది విడిగా రికార్డ్ చేశారు, ఆమె గొంతు మీద మళ్ళీ ఆమె గొంతే వేశారు. అందుకే మన పందిట్లో ఒక్క గొంతుతో పాడితే పల్చగా వినపడుద్ది. నేనైతే ఒక్క గొంతుని నాలుగు గొంతుల్లా వినిపించే కోరస్ ఎఫెక్ట్ కొంచెం పెట్టి, రీవెర్బ్, అంటే గొంతు మార్మోగే ఎఫెక్ట్, బాగా తగ్గిస్తా. మనోళ్ళు రీవెర్బ్ పెంచేసి బావిలోంచి పాడినట్టు చేస్తారు.

బ్రాడీపేట_రమణి:
తమ్ముడి గురించి అడిగితే రీవెర్బ్ దగ్గర తేలారు. 1982లో వాళ్ళిద్దరూ పాడిన 'స్టార్' సినిమా పోయింది, 'బూమ్ బూమ్' పాట మాత్రం ఆడింది. 1984 'యంగ్ తరంగ్', 1987 'హాట్‌లైన్', 1992 'కెమెరా కెమెరా', ఈ ఆల్బమ్స్‌లోనూ అతను ఉన్నాడుగా! 2000 ఆగస్టు 13న ఆమె లంగ్ క్యాన్సర్‌తో పోయింది, 35 ఏళ్ళకే. ఇక అతను ఎక్కడ కనపడినా అక్క గురించే అడుగుతారు, పాపం ఆయనా చెప్తూనే ఉంటాడు.

ఆటోనగర్_కుర్రాడు:
డిస్కో దీవానే అంటే ఆలియా భట్ పాట కదా బ్రో, స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్

మిర్చియార్డ్_రాజు:
పోయి పడుకో తమ్ముడూ.

పాతరికార్డ్_ప్రసాద్:
అరవకండి, 2012లో వచ్చిన ఆ సినిమా పాటలో కూడా నాజియా గొంతు వినపడుద్ది. కిట్టూ, క్యాసెట్ కూడా ఉంది నా దగ్గర. లోపల టేపుని ప్లేయర్ హెడ్‌కి ఆనించే చిన్న మెత్త, ప్రెజర్ ప్యాడ్, ఊడిపోయి సౌండ్ మందగించింది, స్క్రూలున్న పాత క్యాసెట్ ఒకటి విప్పి దీని టేపు అందులోకి మార్చాలి.

కృష్ణలంక_కిట్టు:
ఎంతకిస్తారన్నా?

పాతరికార్డ్_ప్రసాద్:
అమ్మను.

మిర్చియార్డ్_రాజు:
డూప్లికేట్ అయ్యుంటది, అందుకే అమ్మడు. హెచ్ఎంవీ కంపెనీ కుక్క బొమ్మ కనపడేట్టు ఫోటో పెట్టమనండి చూద్దాం.