రీమేక్ ఎందుకు, పాత గేమే సరిగ్గా నడిచేలా చేస్తే చాలదా?

పాతకన్సోల్
ముందే చెప్తున్నా, నాకు రీమేకులంటే పగేం లేదు. 2019లో రీమేక్‌గా వచ్చిన హారర్ గేమ్ రెసిడెంట్ ఈవిల్ 2 మూడుసార్లు పూర్తి చేశా. మొన్న తీరిక దొరికి 1998 నాటి ఒరిజినల్ మళ్లీ మొదలుపెట్టా. ఒక గది దగ్గర బుర్ర ఆగిపోయింది, అందుకే ఈ పోస్టు.

పోలీస్ స్టేషన్ బేస్‌మెంట్‌లో ఆయుధాల గది గుర్తుందా? లాకర్‌లో ఒక మెషీన్ గన్, ఒక సైడ్ ప్యాక్ ఉంటాయి. ప్యాక్ తీసుకుంటే వస్తువులు పెట్టుకోడానికి రెండు గడులు అదనం. ఒరిజినల్‌లో కథని ఒకసారి క్లెయిర్‌తో, ఒకసారి లియాన్‌తో ఆడాలి. మొదటి ఆటలో నువ్వు ఎత్తుకెళ్లింది రెండో ఆటలో అక్కడ ఉండదు. ఇద్దరూ ఒకే రాత్రి ఒకే బిల్డింగ్‌లో తిరుగుతున్నారు మరి, ఒకళ్లు తీసేస్తే ఇంకొకళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొత్తదాంట్లో ఇది లేదు. రెండో ఆటలో ఇంచుమించు అవే పజిళ్లు, అవే బాస్‌లు. మిస్టర్ ఎక్స్ అనే రాక్షసుడు స్టేషనంతా వెంటపడి తరుముతాడు, అది అద్భుతం, కాదనను. కానీ ఆ లాకర్ ఐడియా పోయింది. రీమేక్ అంటే వేరే ఆట. దానికి పెట్టే డబ్బులో పదో వంతు పెట్టి పాత ఆటల్ని కొత్త మెషీన్లకి శ్రద్ధగా పోర్ట్ చేస్తే చాలని నా వాదన.

లోడింగ్_లో_ఉన్నా
అన్నా, నీకు 1998లోనే ఆ కంట్రోల్స్ చేతికి అలవాటైపోయాయి కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు. మా చెల్లికి రీమేక్ పిచ్చి. "అసలుది ఆడి చూడవే" అని ఎక్కడో సంపాదించి ఇచ్చా. పది నిమిషాలు కూడా లేదు. "పైకి నొక్కితే కిందికి వస్తున్నాడేంట్రా వీడు" అని కంట్రోలర్ సోఫా మీద పడేసి పోయింది. నువ్వు చెప్పిన లాకర్ దాకా వచ్చేవాళ్లు ఎంతమంది? గుమ్మంలోనే వెనక్కి తిరిగే ఇంట్లో నగలు దాస్తే ఎవరికి లాభం?

పాతకన్సోల్
చెల్లి అడిగింది మంచి ప్రశ్నే తమ్ముడూ. ఆ గేమ్‌లో కెమెరా గోడకి కొట్టిన మేకులా కదలదు. రెండడుగులు వేస్తే షాట్ మారిపోతుంది. కంట్రోలర్ మీది కర్ర ఎటు తోస్తే స్క్రీన్ మీద అటే నడిచేలా పెట్టారనుకో, షాట్ మారిన ప్రతిసారీ మనిషి గిర్రున వెనక్కి తిరుగుతాడు. అందుకే "పైకి" అంటే ఎప్పుడూ ఆ మనిషి ముఖం ఉన్న వైపే. చేతకాక అలా చెయ్యలేదు, కెమెరాతో ముడిపడి ఉంది.

దీనికి మందు కూడా ఉంది. మొదటి రెసిడెంట్ ఈవిల్‌కి 2002లో వచ్చిన వెర్షన్‌ని 2015లో హెచ్‌డీ చేసినప్పుడు పాత కంట్రోల్స్, కొత్త కంట్రోల్స్ రెండూ పెట్టారు. నచ్చింది ఎంచుకో అన్నారు. నేనడిగేది అంతే.

కుక్కర్_విజిల్
2002ది రీమేకే కదా అన్నా. నీ ఉదాహరణే నీకు అడ్డం తిరిగింది 😄

పాతకన్సోల్
ఆ… అవును. దొరికిపోయా.

కోడ్_కూలీ
"శ్రద్ధగా పోర్ట్ చేస్తే చాలు" అన్న మాట చదివి టీమ్‌లో నలుగురం నవ్వుకున్నాం. గేమ్స్ కాదు గానీ, పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త సిస్టమ్‌లకి తెచ్చే పనే మాది. ముందు సోర్స్ కోడ్, అంటే ఆటని రాసిన అసలు ప్రోగ్రామ్, ఉండాలిగా? సైలెంట్ హిల్ 2, 3 గేములకి 2012లో హెచ్‌డీ కలెక్షన్ వచ్చింది. దాన్ని చేసినవాళ్ల చేతికి పూర్తయిన కోడ్ అందలేదు. మధ్యలో ఎక్కడిదో అసంపూర్తి కోడ్ ఇచ్చారు. ఎప్పుడో సరిచేసిన బగ్గులు మళ్లీ లేచాయి, సైలెంట్ హిల్ అనే ఆ ఊరికి ప్రాణమైన పొగమంచు పలచబడిపోయింది. కింగ్‌డమ్ హార్ట్స్ మొదటి భాగానికైతే అసలు డేటానే పోయింది, హెచ్‌డీ వెర్షన్ కోసం చాలావరకు మళ్లీ తయారుచేసుకున్నారు.

కోడ్ ఉన్నా సుఖం లేదు. డార్క్ సోల్స్ 2 చూడండి. కన్సోల్‌లో సెకనుకి 30 ఫ్రేములు, అంటే తెర మీద 30 బొమ్మలు. 2014లో పీసీకి 60తో వచ్చింది. కత్తులు రెట్టింపు వేగంగా అరిగిపోవడం మొదలెట్టాయి! అరుగుదల లెక్క ఫ్రేములకి కట్టి ఉంది, ఫ్రేములు రెట్టింపైతే అరుగుదలా రెట్టింపు. సరిచేసింది 2015లో. ఒక్క అంకె మార్చితే ఎక్కడో కత్తి విరుగుతుంది, అదండీ పోర్ట్ అంటే. కొన్నిసార్లు కొత్తగా రాసుకోవడమే చవక.

మబ్బుల్లో_సీజే
పొగమంచు మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. జీటీఏ శాన్ ఆండ్రియాస్, 2004. దూరాన్నంతా మసకగా ఉంచేవాళ్లు, ఆనాటి మెషీన్ అంత దూరం గీయలేదు కాబట్టి. కానీ ఆ మసక వల్లే మూడు నగరాలున్న ఒక రాష్ట్రంలో తిరుగుతున్నట్టు ఉండేది. 2021 డెఫినిటివ్ ఎడిషన్‌లో మంచు తీసేశారు. విమానమెక్కి పైకెళ్తే ఈ చివరి నుంచి ఆ చివరికి మొత్తం మ్యాప్ బల్లమీద పెట్టిన బొమ్మల కొలువులా కనపడింది. చిన్నప్పుడు "అబ్బో ఎంత దూరమో" అనుకున్న కొండ, ఊరి పక్కనే ఉంది. నా గుండె జారిపోయింది.

ఇంకోటి. అందులో ఒక డోనట్ షాపు ఉంటుంది. పేరులో "నట్" ఉంది కాబట్టి బోర్డు మీద ఆరు మూలల ఇనప నట్టు బొమ్మ పెట్టారు, అదీ జోకు. కొత్త వెర్షన్‌లో వస్తువులన్నీ నునుపు చేసే ఊపులో ఆ ఆరు మూలలూ అరిగి గుండ్రమైపోయాయి. జోకు చచ్చిపోయింది. పైగా అది విడుదలయ్యేముందు డిజిటల్ స్టోర్లలో పాతవి అమ్మడం ఆపేశారు. జనం గోల చేశాక పీసీలో మళ్లీ పెట్టారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇందుకే అంటారు.

పాతకన్సోల్
ఇదే, ఇదే. రీమేక్ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. కొత్తది రాగానే పాతదాన్ని గల్లంతు చేయడం మీదే నా కోపమంతా. వార్‌క్రాఫ్ట్ 3 గేమ్‌కి 2020లో రీఫోర్జ్‌డ్ అనే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, 2002ది కొనుక్కుని హాయిగా ఆడుకుంటున్నవాళ్ల ఆట కూడా మారిపోయింది. వాళ్లు కొత్తది కొనకపోయినా సరే!

లోడింగ్_లో_ఉన్నా
అన్నా, నువ్వు వాదన మార్చేశావ్. మొదట "రీమేక్ వద్దు" అన్నావ్, ఇప్పుడు "పాతదాన్ని తీసేయొద్దు" అంటున్నావ్. రెండోదానికి నేనెప్పుడు కాదన్నా?

నిదానం_ప్రధానం
నాకు స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధ వ్యూహాల గేమ్ పద్ధతి నచ్చింది. 2017 రీమాస్టర్‌లో బొమ్మలు మాత్రమే కొత్తవి. ఒకేసారి పన్నెండు యూనిట్లకి మించి సెలెక్ట్ చేయలేకపోవడం, మెట్లదారి దగ్గర సైనికులు దారి తెలీక తికమకపడటం, అన్నీ 1998లో ఉన్నట్టే వదిలేశారు. పోటీలు ఆడేవాళ్ల నైపుణ్యమంతా ఆ లోపాల మీదే నిలబడింది కదా, అవి సరిచేస్తే ఆటే మారిపోతుంది. పాత వెర్షన్‌ని అదే ఏడాది ఉచితంగా ఇచ్చేశారు కూడా.

కాకపోతే ఇలా అన్ని ఆటలకీ కుదరదు. పోటీ ఆటకి లోపమే సొత్తు. కథ ఆటకి అలా కాదు. ఫైనల్ ఫాంటసీ 7ని 2020లో మొదలుపెట్టి ఒక్కో ముక్కా పెద్ద ఆటగా మళ్లీ చెప్తున్నారు, 1997ది ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఒకే కథని ఇద్దరు చెప్తే విన్నట్టుంటుంది. దానికి ఏడవడం దేనికి?

కోడ్_కూలీ
అమ్మడం గురించి ఒక లెక్క. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో ఇప్పుడు మామూలుగా కొనుక్కోడానికి దొరికేవి 13 శాతమేనని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మనం ఇక్కడ కొట్టుకుంటున్నది ఆ 13లోని పేరున్న ఆటల గురించి. మిగతా 87కి రీమేకూ రాదు, పోర్టూ రాదు. వాటి హక్కులు ఎవరి దగ్గరున్నాయో హక్కుదార్లకే తెలీని కేసులుంటాయి.

కుక్కర్_విజిల్
ఈ చర్చ ఇప్పుడు హారర్‌లోకి వెళ్లింది.

పాతకన్సోల్
లోడింగ్ తమ్ముడూ, ఒప్పుకుంటున్నా, వాదన మార్చాను. నిదానం గారి మాటతో ఇంకొంచెం మెత్తబడ్డా. కానీ లాకర్ మాట మాత్రం వదలను. మొదటి మూడు పాత రెసిడెంట్ ఈవిల్ గేములూ 2024లో జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో మళ్లీ వచ్చాయి, ఇప్పటి కంప్యూటర్లలో తిప్పలు లేకుండా నడుస్తున్నాయి. కంట్రోల్స్ మాత్రం పాతవే. చెల్లితో ఒక్క పూట ఓపిక పట్టించు. మొదటి గంటే కష్టం.

లోడింగ్_లో_ఉన్నా (మూడు వారాల తర్వాత)
రిపోర్టు. ఒక గంట కాదు అన్నా, మొదటి మూడు గంటలూ నన్నే తిట్టింది. తర్వాత చెయ్యి తిరిగింది. క్లెయిర్‌తో పూర్తి చేసింది. లియాన్ ఆట నా వంతన్నాం.

నిన్న రాత్రి బేస్‌మెంట్‌కి దిగా. బులెట్లు ఐదున్నాయి. పరుగున వెళ్లి లాకర్ తెరిచా. ఖాళీ. గన్నూ లేదు, ప్యాకూ లేదు.

"రెండూ ఎత్తుకెళ్లావా?" అన్నా.

"నాకేం తెలుసు నువ్వొస్తావని" అంది.