ఎన్‌ఎఫ్‌సీ నార్త్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను, హెడ్ కోచ్‌ను విడదీసి తూచడం ఎలా?

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సస్ నుంచి, జూలై 2025)

అందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో మన డాలస్ కౌబాయ్స్, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎన్‌ఎఫ్‌సీ నార్త్ అనే డివిజన్‌లోని నాలుగు జట్లతోనూ ఆడబోతున్నారు కాబట్టి, ఆ డివిజన్‌ను ముందే అర్థం చేసుకుందామని కూర్చున్నాను. 2024లో గెలుపు-ఓటముల లెక్క ఇది: డెట్రాయిట్ లయన్స్ 15-2, మిన్నెసోటా వైకింగ్స్ 14-3, గ్రీన్ బే ప్యాకర్స్ 11-6, షికాగో బేర్స్ 5-12. ఈ వరుసనే క్వార్టర్‌బ్యాక్‌లకూ (మైదానంలో దాడిని నడిపి పాస్‌లు విసిరే ఆటగాళ్లకూ) కోచ్‌లకూ అంటగట్టేస్తే పని అయిపోతుంది గానీ, నాకు మనసొప్పడం లేదు.

కారణం 2024 జనవరిలో మన సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్‌లో ప్యాకర్స్‌తో జరిగిన ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్. అంతకు ముందు సొంత మైదానంలో వరుసగా 16 మ్యాచ్‌లు గెలిచిన మన జట్టు, ఆ రోజు 27-0తో వెనకబడి, చివరికి 48-32తో ఓడింది. నేను పై వరుసల్లో కూర్చుని చూశాను. ప్యాకర్స్ తరఫున పాస్‌లు పట్టే టైట్ ఎండ్ ల్యూక్ మస్‌గ్రేవ్ 38 గజాల టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోరు) పాస్ పట్టినప్పుడు అతని దరిదాపుల్లో మనవాడు ఒక్కడూ లేడు. అంత ఖాళీగా ఉన్నవాడికి బంతి అందించినందుకు క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ను మెచ్చుకోవాలా, అతన్ని అంత ఖాళీగా ఉంచేలా ప్లే (ఎత్తుగడ) అల్లిన కోచ్ మ్యాట్ లఫ్లూర్‌ను మెచ్చుకోవాలా? ఆ డివిజన్ జట్లను ఏటా దగ్గర నుంచి చూసేవారు చెబితే వినాలని ఉంది.

జవాబు 1 (నోవై, మిషిగన్)

ముందుగా అడగవలసింది ప్లేలు ఎవరు పిలుస్తున్నారన్నది, అంటే ఏ ఎత్తుగడ ఆడాలో ఎవరు చెబుతున్నారన్నది. లఫ్లూర్, వైకింగ్స్ కోచ్ కెవిన్ ఓ'కానెల్ తామే పిలుస్తారు. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో వినిపించే గొంతు, ప్లే మొదలుపెట్టే గడువును లెక్కించే ప్లే క్లాక్ 15 సెకన్లకు చేరి ఆ లైను తెగిపోయేదాకా, వాళ్లది గానీ వాళ్ల మాటను చేరవేసే మనిషిది గానీ అవుతుంది. మా లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ అలా కాదు. గత మూడు సీజన్లు ఆఫెన్స్ (దాడి విభాగం) నడిపింది ఆయన సహాయక కోచ్ బెన్ జాన్సన్. కాబట్టి మా క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ 2024లో విసిరిన 37 టచ్‌డౌన్‌లను క్యాంప్‌బెల్ ఖాతాలో నేరుగా వేయడం సరికాదు.

అయితే ఆయన ఖాతాలో వేయవలసినది మరొకటి ఉంది. 2021లో రామ్స్ జట్టు, తమను సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా తీసుకెళ్లిన గాఫ్‌ను ఇక చాలనుకుని, మా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ కోసం మాకు ఇచ్చేసింది. ఆ ఏడాది మేము గెలిచినవి 3 మ్యాచ్‌లే. అయినా క్యాంప్‌బెల్ అతన్ని వదులుకోలేదు. నిరుడు నవంబర్‌లో హ్యూస్టన్ మీద గాఫ్ 5 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసుకున్న పాస్‌లు) ఇచ్చాడు. సగం ఆట ముగిసేసరికి మేము 23-7తో వెనకబడి ఉన్నాము. మరొక జట్టయితే అక్కడే చేతులెత్తేసేది. మా డిఫెన్స్ రెండో సగంలో ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, మా కిక్కర్ జేక్ బేట్స్ 58 గజాల నుంచి ఒకటి, చివరి క్షణంలో 52 గజాల నుంచి ఒకటి ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని సాధించే మూడు పాయింట్లు) కొట్టి 26-23తో గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్ చేజార్చిన ఆటను జట్టంతా కలిసి నిలబెట్టిందంటే, అది కోచ్ నాలుగేళ్లుగా పోసిన పునాది అని నేను నమ్ముతాను.

ఆయన తప్పులూ నేను దాచను. 2024 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో మీద 24-7 ఆధిక్యంలో ఉండి 34-31తో ఓడిన మ్యాచ్‌లో, రెండో సగంలో రెండుసార్లు ఫీల్డ్ గోల్ వదులుకుని ఫోర్త్ డౌన్‌లో (పది గజాలు సాధించడానికి ఉండే నాలుగో, చివరి ప్రయత్నంలో) ముందుకు వెళ్లబోయారు, రెండూ విఫలమయ్యాయి. మొదటిసారి బంతి రిసీవర్ చేతికి తగిలి జారిపోయిందని నాకు తెలుసు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు జాన్సన్ షికాగోకు హెడ్ కోచ్‌గా వెళ్లిపోయారు కాబట్టి గాఫ్ అసలు తూకం ఈ ఏడాది తెలుస్తుంది.

జవాబు 2 (ఈడెన్ ప్రెయరీ, మిన్నెసోటా)

విడదీసి తూచడానికి మా వైకింగ్స్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మూడో ఎంపికగా న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లిన క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్ అక్కడా కరోలినాలోనూ నిలదొక్కుకోలేకపోయాడు. 2024లో మేము పదో ఎంపికగా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జే.జే. మెకార్తీ ప్రీసీజన్‌లోనే మోకాలి గాయంతో ఏడాదికి దూరమవడంతో బరువంతా అప్పటికి మా జట్టులో ఉన్న డార్నల్డ్ మీద పడింది. అతను 35 టచ్‌డౌన్‌లు విసిరాడు, ఓ'కానెల్‌కు కోచ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది.

కానీ చివరి రెండు మ్యాచ్‌లు మర్చిపోకండి. డెట్రాయిట్‌లో 31-9తో, ప్లేఆఫ్స్‌లో రామ్స్ మీద 27-9తో ఓడిపోయాము. రామ్స్ అతన్ని 9 సార్లు శాక్ చేశారు (బంతి విసిరేలోపే పడగొట్టారు). వాటిలో కొన్ని అతన్ని కాచే లైన్ తప్పులైతే, కొన్ని బంతిని వదలకుండా పట్టుకు కూర్చున్నందువల్ల వచ్చినవి. కోచ్ మంచి ప్లే రాసివ్వగలడు గానీ, మూడో సెకనులో బంతిని వదిలేయవలసింది క్వార్టర్‌బ్యాకే. నేను ఇద్దరినీ విడదీసే గీత అక్కడే గీస్తాను. డార్నల్డ్ ఇప్పుడు సియాటిల్ వెళ్లాడు, మాకు మెకార్తీ మిగిలాడు. ఓ'కానెల్ నిజంగా క్వార్టర్‌బ్యాక్‌లను తీర్చిదిద్దగలరా అన్నది రెండు చోట్లా ఒకేసారి తేలుతుంది.

జవాబు 3 (నేపర్‌విల్, ఇల్లినాయ్)

మా బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ను 5-12 చూసి కొట్టిపారేయవద్దని కోరుతున్నాను. మొదటి ఏడాదిలోనే 68 శాక్‌లు తిన్నాడు, అయినా ఇచ్చిన ఇంటర్‌సెప్షన్లు 6 మాత్రమే. శాక్‌లలో అతని వంతు కూడా ఉంది, ఒప్పుకుంటాను.

కోచ్ ఎంత ముఖ్యమో తెలియాలంటే థాంక్స్‌గివింగ్ నాటి డెట్రాయిట్ మ్యాచ్ చివరి అర నిమిషం చూడండి. 16-0తో వెనకబడిన జట్టును విలియమ్స్ 23-20 దాకా తెచ్చాడు. ఫీల్డ్ గోల్ కొడితే సమం. అప్పుడు శాక్ అయ్యాడు, సుమారు 32 సెకన్లు మిగిలాయి, చేతిలో గడియారాన్ని ఆపే టైమౌట్ ఒకటి ఉంది. గడియారం నడుస్తూనే ఉంది, సైడ్‌లైన్ నుంచి టైమౌట్ రాలేదు. 6 సెకన్లు మిగిలాక బంతి కదిలింది, దూరంగా విసిరిన పాస్ నేల మీద పడింది, ఆట అయిపోయింది. కుర్రాడు తడబడ్డాడు, నిజమే. కానీ మొదటి ఏడాది కుర్రాడు తడబడితే ఆపడానికే కదా కోచ్ దగ్గర టైమౌట్ ఉండేది! మర్నాడే మా హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌ను తొలగించారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి.

జవాబు 4 (మిల్వాకీ, విస్కాన్సిన్)

అసలు ప్రశ్నకు, అంటే లవ్, లఫ్లూర్‌ల గురించి, జవాబు 2024 సెప్టెంబర్‌లో ఉంది. బ్రెజిల్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో లవ్ మోకాలికి గాయమైంది. జట్టులో చేరి నెల కూడా కాని మరో క్వార్టర్‌బ్యాక్ మాలిక్ విలిస్‌తో లఫ్లూర్ తరువాతి రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఇండియానాపోలిస్ మీద విలిస్ చేత 14 పాస్‌లే వేయించి, మిగతాదంతా పరుగు ఆటతో నడిపించారు. చేతిలో ఉన్న సరుకును బట్టి వంట మార్చగల కోచ్ ఆయన.

అయితే డివిజన్‌లోపల మా ప్యాకర్స్‌ది 1-5. లయన్స్ మీద రెండు, వైకింగ్స్ మీద రెండు ఓడిపోయాము. ఏటా రెండుసార్లు తలపడే జట్లకు లఫ్లూర్ ప్లేలు కొత్త కావు కాబట్టి, అక్కడ లవ్ సొంతంగా ఏదో ఒకటి సృష్టించి తీరాలి. ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్‌లో 3 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన లవ్ ఇంకా ఆ మెట్టు ఎక్కలేదని బాధతోనే రాస్తున్నాను. మీరు ఆర్లింగ్టన్‌లో చూసింది ఎక్కువ భాగం లఫ్లూర్ పనితనమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మస్‌గ్రేవ్ టచ్‌డౌన్ మీ జవాబులు చదివాక మళ్లీ చూశాను. మన డిఫెండర్లు ఎటు పరుగెత్తారో ఈసారి చూశాను గానీ, మొదటిసారి నా కళ్లు బంతి మీదే ఉన్నాయి. సెప్టెంబర్ 28 రాత్రి ప్యాకర్స్ మళ్లీ ఆర్లింగ్టన్ వస్తున్నారు. మిల్వాకీ మిత్రులు ఒక్క మాట చెప్పాలి: లవ్ ఏ ప్లే తనంతట తాను మార్చుకుంటున్నాడో స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి తెలిసే గుర్తు ఏదైనా ఉందా?