పక్కా డెమొక్రాట్ రాష్ట్రంలో ఈ రిపబ్లికన్ గవర్నర్ 2026లో కూడా గెలుస్తాడా?

చలికోటు_చిన్నోడు:
మేము అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్ దగ్గరికి మారి రెండేళ్లవుతోంది. హెచ్‌1బీ కాబట్టి ఓటు లేదు, ఇల్లు కొన్నాం కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం అందరితో పాటు కడుతున్నాం. 2024 నవంబర్ ఎన్నికలప్పుడు మా ఎదురింటాయన లాన్‌లో రెండు బోర్డులు పాతాడు. ఒకటి డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్‌ది, దాని పక్కనే జానెడు దూరంలో మా గవర్నర్ ఫిల్ స్కాట్‌ది. ఎవరో పొరపాటున పాతి పోయారేమో అనుకున్నా. తీరా ఫలితాలు చూస్తే హారిస్‌కి 63 శాతం, రిపబ్లికన్ అయిన స్కాట్‌కి 73 శాతం! అదే బ్యాలట్ మీద బెర్నీ శాండర్స్‌ని సెనేట్‌కి పంపారు. లెక్క వేసుకుంటే కనీసం మూడో వంతు మంది మా ఎదురింటాయన లాంటివాళ్లే. ఇక్కడ గవర్నర్ పదవి రెండేళ్లే, ఎన్నిసార్లైనా నిలబడొచ్చు, ఈయన గెలవడం ఇది ఐదోసారి. మరి 2026లో ట్రంప్ వైట్‌హౌస్‌లో కూర్చుని ఉండగా మళ్లీ పోటీ చేస్తే గట్టెక్కుతాడా?

థండర్‌రోడ్_ఫ్యాన్:
నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది తమ్ముడూ. ఆయన్ని గవర్నర్ అని పిలిచేవాళ్లే తక్కువ, అందరికీ ఫిల్. బ్యారీలో పెరిగాడు, కన్‌స్ట్రక్షన్ కంపెనీ నడిపాడు, గవర్నర్ అయ్యాక కూడా థండర్ రోడ్ రేసు ట్రాక్ మీద 14 నంబర్ కారు తోలాడు. ట్రంప్ సంగతంటావా, 2020లో బైడెన్‌కి, 2024లో హారిస్‌కి ఓటేశానని ఆయనే విలేకరులకి చెప్పాడు. 2019లో అబార్షన్ హక్కుల బిల్లు మీద సంతకం పెట్టాడు. ఇక డెమొక్రాట్లు ఏ ముఖం పెట్టుకుని 'ట్రంప్ మనిషి' అంటారు?

ఆయనకి అసలు గండం 2018లో వచ్చింది. అంతకుముందు కొత్త గన్ చట్టాలు అక్కర్లేదన్న మనిషి, ఫెయిర్ హేవెన్ హైస్కూల్లో కాల్పులకి ఒక కుర్రాడు వేసిన ప్లాన్ బయటపడ్డాక మాట మార్చుకుని, స్టేట్ హౌస్ (రాష్ట్ర శాసనసభ భవనం) మెట్ల మీద అందరి ముందే గన్ నియంత్రణ చట్టాల మీద సంతకాలు పెట్టాడు. కింద నిలబడ్డ సొంత ఓటర్లే 'ద్రోహి' అని అరిచారు. అది కూడా ట్రంప్ ఉన్నప్పటి మిడ్‌టర్మే, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికే. అయినా 55 శాతంతో గెలిచాడు, రెండేళ్లకి 68. ఇంకో సంగతి, కుర్చీలో ఉన్న గవర్నర్‌ని ఈ రాష్ట్రం ఓడించింది ఆఖరిసారి 1962లో.

బాల్టిమోర్_బాబాయ్:
మా మేరీల్యాండ్ మాజీ గవర్నర్, రిపబ్లికన్ లారీ హోగన్‌ని చూశాక నేను ఎవరి మీదా పందెం కాయను. 2018లో డెమొక్రాట్ల గాలి వీస్తుంటే ఇక్కడ 55 శాతంతో రెండోసారి గెలిచాడు, మా కాలనీలో ఆయన్ని తిట్టినవాళ్లు లేరు. ఇక్కడ రెండు టర్ములే కాబట్టి దిగిపోయి, 2024లో అమెరికా సెనేట్‌కి నిలబడితే డెమొక్రాట్ ఆల్సోబ్రూక్స్ చేతిలో పది పాయింట్ల పైగా తేడాతో పోయాడు. మనిషి అదే, ఓటర్లూ అదే. కాకపోతే సెనేట్‌లో ఈయన చేయి ఎత్తితే మెజారిటీ ఎవరిదవుతుందో జనం లెక్క వేసుకున్నారు.

ఇంకోటి, మాకు ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఆ పార్టీలో పేరు నమోదైనవాళ్లే ఓటేయాలి. 2022లో హోగన్ బలపరిచిన ఆవిడని కాదని ట్రంప్ మనిషి డాన్ కాక్స్‌ని నిలబెట్టారు, నవంబర్‌లో చిత్తుగా ఓడారు. (మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ, లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది అప్పుడే.) వెర్మాంట్‌లో పార్టీ నమోదే లేదు, ఎవరైనా ఏ ప్రైమరీలోనైనా ఓటేయొచ్చు. స్కాట్‌ని సొంత పార్టీవాళ్లు లోపలే దెబ్బకొట్టడం అందుకే కష్టం.

హన్మకొండ_కుర్రాడు:
దీంట్లో అంత వింతేముందన్నా? 2018 డిసెంబర్‌లో మనోళ్లు టీఆర్ఎస్‌కి 88 సీట్లిచ్చి, నాలుగు నెలలకే పార్లమెంటుకి బీజేపీ వాళ్లని నలుగుర్ని పంపలే? మా ఇంట్లోనే అమ్మ రెండుసార్లు రెండు గుర్తులకి వేసింది, అడిగితే "అది వేరే, ఇది వేరే" అంది.

మాధవి_బోస్టన్:
గెలుస్తాడా అని అందరూ అడుగుతున్నారు, నిలబడే ఓపిక ఉంటుందా అని నా డౌట్. మా మసాచుసెట్స్ రిపబ్లికన్ గవర్నర్ చార్లీ బేకర్ 2018లో 66 శాతంతో గెలిచాడు. మూడోసారి కూడా నల్లేరు మీద నడకే అనుకుంటుంటే 2021 డిసెంబర్‌లో నేను పోటీ చేయనన్నాడు. అప్పటికే ట్రంప్ ఇంకొకరికి మద్దతు ప్రకటించేశాడు. బేకర్ వదిలేసిన ఆ సీటు ఆ తర్వాత డెమొక్రాట్ మౌరా హీలీకి చేతిలో పెట్టినట్టయింది.

థండర్‌రోడ్_ఫ్యాన్:
మాధవి గారూ, అది నిజమే. కానీ నాకు భయం ట్యాక్స్ దగ్గర. 2024లో స్కూళ్ల ఖర్చు కోసం ప్రాపర్టీ ట్యాక్స్ సగటున 14 శాతం దాకా పెరిగింది. ఫిల్ వీటో చేశాడు, డెమొక్రాట్లు మూడింట రెండొంతుల బలంతో ఆ వీటోని తోసేశారు. జనం బిల్లు చూసుకుని నవంబర్‌లో బుద్ధి చెప్పారు, ఆ ఎన్నికలతో రాష్ట్ర హౌస్‌లో 150కి 56, రాష్ట్ర సెనేట్‌లో 30కి 13 సీట్లు రిపబ్లికన్లవయ్యాయి. ఇక ఆయన వీటో పెడితే నిలుస్తుంది. ఇన్నాళ్లూ 'నేను వద్దన్నా, వాళ్లే వినలేదు' అంటే సరిపోయేది, ఆ మాట ఇక చెల్లదు. చిన్న చిన్న ఊళ్ల స్కూళ్లు కలపాలంటే ప్రతి ఊరూ కర్ర పట్టుకుని వస్తుంది, కలపకపోతే ట్యాక్స్ తగ్గదు. నిలబడితే గెలుస్తాడనే అంటాను, కాకపోతే 73 రాదు.

చలికోటు_చిన్నోడు:
థ్యాంక్స్ అన్నా. ట్యాక్స్ బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది, రోజూ చూస్తూనే ఉన్నా. ఎదురింటాయన హారిస్ బోర్డు మర్నాడే పీకేశాడు. స్కాట్‌ది తర్వాత తీద్దాంలే అని వదిలేశాడట, ఇప్పుడు నేల గడ్డకట్టి ఊడి రావట్లేదు, మార్చి దాకా అక్కడే ఉంటుంది అంటున్నాడు.