అప్పకి అయిదో నెల, ఇంట్లో కట్టెల పొయ్యి, బావ చూపించిన ఘనా పరిశోధన: ఎవరైనా విడమరిచి చెప్తారా?

మందస కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది మందస దగ్గర ఊరు. మా అప్పని, అంటే అక్కని, వజ్రపుకొత్తూరు వైపు ఇచ్చాం, ఇప్పుడు అయిదో నెల. వాళ్ళింట్లో గ్యాస్ ఉంది, దీపం పథకం సిలిండర్లు కూడా వస్తున్నాయి, కానీ ఆ పొయ్యి మీద టీ తప్ప ఇంకేం పెట్టరు. అన్నం, కూర, పశువుల కుడితి, స్నానాలకి వేణ్ణీళ్ళు అన్నీ కట్టెల పొయ్యి మీదే. తోట ఉంది కాబట్టి కొబ్బరి మట్టలకీ జీడిమామిడి కొమ్మలకీ కొదవలేదు. వంటగది పెంకుల కింద ఇరుకు గది, ఒక్కటే గుమ్మం. మొన్న చూడ్డానికి వెళ్తే అప్ప ఊదుగొట్టం పట్టుకుని పచ్చి మట్ట మండక ఊదుతూ ఉంది, కళ్ళు ఎర్రగా అయిపోయాయి, ప్రతి నాలుగు ఊదులకీ ఒకసారి తల పక్కకి తిప్పి దగ్గుతోంది. నాకు కడుపులో దేవినట్టు అయింది.

గ్యాస్ మీద వండుకోవచ్చు కదా అని అడిగితే అత్తగారు "మేమంతా ఈ పొగలోనే కనలేదేటి" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అప్పని బాగానే చూసుకుంటారు. బావ అయితే ఫోన్ తీసి ఒక వార్త చూపించాడు. ఆఫ్రికాలో ఘనా అనే దేశంలో గర్భిణులకి గ్యాస్ పొయ్యిలు ఇచ్చి పరిశోధన చేశారట, కట్టెల మీద వండినవాళ్ళకీ గ్యాస్ మీద వండినవాళ్ళకీ పుట్టిన పిల్లల బరువులో తేడా రాలేదట. "చూశావా, సైన్సే చెప్పింది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. అది నిజమేనా? నిజమైతే నేను అనవసరంగా గోల చేస్తున్నానా? తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.

ఆముదాలవలస పిల్ల:

మీ బావ చూపించింది అబద్ధం కాదు. నేను పబ్లిక్ హెల్త్ చదివాను, ఈ పరిశోధన మాకు క్లాసులో పాఠంగా పెట్టారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఘనా మధ్యలో కింటాంపో అనే ఊరు ఉంది, అక్కడ 1994 నుంచి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ళూ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీవాళ్ళూ కలిసి 2013లో దీన్ని మొదలుపెట్టారు. చుట్టుపక్కల 35 సముదాయాల నుంచి పొగ తాగే అలవాటు లేని 1,414 మంది గర్భిణులు. కొన్ని ఊళ్ళకి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా, కొన్నిటికి పొగ తక్కువ వచ్చే ఫ్యాన్ ఉన్న కట్టెల పొయ్యి, మిగతావాళ్ళు ఎప్పటిలాగే మూడు రాళ్ళ పొయ్యి. ఎవరికి ఏది అన్నది లాటరీ తీసినట్టు తేల్చారు, అందుకే దాని మాటకి విలువ. ముందే పెట్టుకున్న ప్రశ్నలు రెండు: పుట్టినప్పుడు బిడ్డ బరువు పెరుగుతుందా, మొదటి ఏడాదిలో తీవ్రమైన నిమోనియా తగ్గుతుందా. 2021లో వచ్చిన ఫలితం రెండిటికీ "తేడా కనిపించలేదు" అనే.

ఇక్కడితో ఆపేస్తే మీ బావ చెప్పిందే సరి. కానీ వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. ఆ తల్లుల బట్టలకి, ముక్కుకి దగ్గరగా, చిన్న యంత్రాలు తగిలించి మూడేసి రోజుల చొప్పున గర్భంలో చాలాసార్లు వాళ్ళు పీల్చే గాలిని కొలిచారు. గ్యాస్ ఇచ్చినవాళ్ళలో కార్బన్ మోనాక్సైడ్, అంటే పొగలో ఉండే విషవాయువు, 47 శాతం తగ్గింది. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుల దాకా పోయే సన్నటి నుసి, ఘనపు మీటరుకి 67 మైక్రోగ్రాముల నుంచి 45కి మాత్రమే దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన ఏడాది సగటు పరిమితి 5. అంటే గ్యాస్ ఇచ్చిన ఇంట్లో కూడా ఆ తల్లి పీల్చింది మంచి గాలి కాదు. పక్కింటి పొయ్యి ఆగలేదు కదా, బయట చెత్త తగలబెట్టడం ఆగలేదు, పైగా అక్కడ చలికాలంలో సహారా ఎడారి నుంచి హర్మటాన్ అని దుమ్ముగాలి వస్తుంది. ఇంకోటి, ఆ ఆడవాళ్ళని చేర్చుకున్నది 24 వారాల లోపు, కాబట్టి కొందరికి గ్యాస్ అందేసరికే సగం గర్భం గడిచిపోయింది.

అసలు మీ బావకి చూపించాల్సింది తర్వాతి భాగం. అదే పరిశోధనలో పుట్టిన పిల్లల్లో 384 మందికి నెల వయసులో ఊపిరి పరీక్ష చేశారు. గర్భంలో ఉండగా తల్లి ఎంత ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ పీల్చిందో, బిడ్డ ఊపిరితిత్తుల పనితీరు అంత తగ్గి కనిపించింది, ఆడపిల్లల్లో ఇంకాస్త ఎక్కువగా. ఊపిరి పనితీరు బాగా లేని పిల్లలకి తర్వాత నిమోనియా ముప్పు కూడా పెరిగింది. తల్లుల బీపీకీ ఈ పొగకీ సంబంధం ఉన్నట్టు కూడా అదే బృందం రాసింది. ఈ కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ మోసే చోటు ఆక్రమించేస్తుంది, మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డ రక్తంలోకీ పోతుంది. తూకం మీద కనిపించనిది ఊపిరిలో కనిపించింది అని నా అర్థం.

పలాస పిక్కల వ్యాపారి:

కింటాంపో పేరు ఇక్కడ చూస్తానని అనుకోలేదు! నేను పలాసవాణ్ణి, జీడి పిక్కల కొనుగోలు పని మీద సీజన్‌కి ఘనాలో ఉంటాను. మన ఫ్యాక్టరీల్లో కొట్టే పిక్కల్లో చాలా భాగం ఆ పడమటి ఆఫ్రికా దేశాలనుంచి వచ్చేవే అని మనవాళ్ళకి తెలుసు. నేను ఉండేది టెచిమన్, అక్కడినుంచి ఉత్తరానికి తమలే రోడ్డు పట్టుకుంటే కింటాంపో. జీడి తోటలు, ఎర్ర మట్టి, వేడి, చూస్తే మన ఉద్దానమే అనిపిస్తుంది, కొబ్బరి ఒక్కటే లేదు.

పరిశోధన గురించి నేను చెప్పగలిగింది లేదు, పొయ్యి గురించి చెప్తాను. నేను పిక్కలు కొనే ఒక రైతు ఇంట్లో రాత్రి భోజనానికి ఉన్నాను. వాళ్ళ ముఖ్యమైన తిండి టువో జాఫీ అని మన సంకటి లాంటిది. పెద్ద అల్యూమినియం కుండ, మూడు రాళ్ళ మీద. ఆ ఇల్లాలు కుండ కదలకుండా ఒక ఇనప చట్రం అడ్డం పెట్టి దాన్ని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని పిండి గట్టిపడేదాకా తిప్పుతుంది. ఒళ్ళంతా ఊపి తిప్పాలి, చెమట కారిపోతుంది, ముఖం సరిగ్గా పొగ మీదే ఉంటుంది. ఆ బలానికి గ్యాస్ స్టౌ నిలుస్తుందా చెప్పండి? వాళ్ళింట్లో స్టౌ ఉంది, మూల పెట్టి గుడ్డ కప్పారు. సిలిండర్ ఇంటికి రాదు, మనలాగా ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడం కాదు, మన సిలిండరే మోసుకుని ఫిల్లింగ్ స్టేషన్‌కి వెళ్ళి నింపించుకోవాలి. ఊరినుంచి ఆ స్టేషన్‌కి రానూపోనూ బండి ఖర్చే బోలెడు. ఇప్పుడిప్పుడే అక్కడి ప్రభుత్వం మన పద్ధతికి మారుస్తోంది.

కాబట్టి గ్యాస్ ఉండి కూడా కట్టెలు వాడారంటే తెలివితక్కువతనం కాదు. మీ అప్ప అత్తగారి దగ్గర కూడా ఏదో కారణం ఉంటుంది. అదేంటో అడగండి ముందు.

ఇంకో మాట, దయచేసి పిక్కల తొక్కు మాత్రం ఇంటి పొయ్యిలో వెయ్యనివ్వకండి. మన వైపు కొందరు వేస్తారు, బాగా మండుతుంది కదా అని. ఆ తొక్కులో జీడి నూనె ఉంటుంది, చర్మానికి తగిలితేనే కాలుతుంది, దాని పొగ ఊపిరికి ఎంత ఘాటో బట్టీ దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుసు.

చీపురుపల్లి మాస్టారు:

ఆముదాలవలస అమ్మాయి బాగా రాసింది, కానీ ఒక చోట ఆగాలి అనిపించింది. పొగ సరిపడా తగ్గలేదు కాబట్టి బరువు పెరగలేదు అన్నట్టు ధ్వనిస్తోంది. తర్వాత ఇంకా పెద్ద పరిశోధన జరిగింది కదమ్మా, తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండా, నాలుగు చోట్లా కలిపి సుమారు 3,200 మంది గర్భిణులు. 2022లో ఫలితం వచ్చింది. అక్కడ గ్యాస్ దాదాపు పూర్తిగా వాడారు, నుసి 71 నుంచి 24కి పడిపోయింది, అంటే మూడో వంతుకి. అయినా బిడ్డల బరువులో తేడా సుమారు 20 గ్రాములు, లెక్కలో నిలవని తేడా. ఘనాలో ఊపిరి పరీక్ష సంగతి కూడా, అది ఎవరు ఎంత పీల్చారో చూసి పోల్చింది, లాటరీ తీసి ఇచ్చిన గ్యాస్ వల్ల వచ్చిన ఫలితం కాదు. ఎక్కువ పొగ పీల్చిన ఇల్లు పేద ఇల్లు కూడా అయ్యుండొచ్చు, వాళ్ళు లెక్కల్లో సర్దే ఉంటారు, అయినా ఆ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

పొగ మంచిదని నా ఉద్దేశం కాదు. మా అమ్మ నలభై ఏళ్ళు ఆ పొయ్యి దగ్గరే కూర్చుంది, ఆఖరి అయిదేళ్ళు పడుకుంటే ఊపిరి అందక గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. బీడీ ముట్టుకున్న మనిషి కాదు. డాక్టరు పేరు పెట్టాక గానీ అది పొయ్యి ఇచ్చిన జబ్బని మాకు తెలీలేదు. నేను అనేది ఒక్కటే, ఆ అత్తగారికి "గ్యాస్ మీద వండితే బిడ్డ బరువు పెరుగుతుంది" అని మాటివ్వకండి. రేపు రెండు కిలోల నాలుగు వందలు పుడితే మీ మాటకి ఇక విలువ ఉండదు. ఆ ఘనావాళ్ళని నేను గౌరవించేది ఇందుకే, ఇన్నేళ్ళు కష్టపడి, తాము ఆశించినది రాలేదని ఉన్నదున్నట్టు ప్రచురించారు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం నీళ్ళ శాంపిళ్ళు, రక్తం శాంపిళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు ఎందరు, ఏం తేలిందో ఆ గుమ్మంలోకే తిరిగొచ్చి చెప్పినవాళ్ళు ఎందరు?

ఆముదాలవలస పిల్ల:

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. నేను రాసిన తీరులో ఆ తొందర ఉంది. బరువు గురించి చెప్పకుండా పొగ గురించే చెప్పాలి, మీరన్నది సరైనదే.

సోంపేట ఆశా:

నేను పదకొండేళ్ళుగా ఆశా పని చేస్తున్నాను బాబు. పెద్ద పెద్ద లెక్కలు నాకు రావు గానీ ఇంటింటికీ తిరిగే మనిషిని. అత్తలతో గొడవ పడితే పని జరగదు. నేను చేసేది ఏంటంటే వంటగదిలోకి వెళ్ళి పొయ్యి దగ్గర వాళ్ళతో పాటు కూర్చుంటాను. కాసేపటికి నాకు దగ్గొస్తుంది, అప్పుడు వాళ్ళే "బయటికి రా అమ్మా" అంటారు. అప్పుడు మాట మొదలుపెడతాను, కడుపుతో ఉన్న పిల్ల ఇందులోనే పొద్దున్నా సాయంత్రం ఉంటోంది కదా అని.

గ్యాస్ ఎందుకు వాడరంటే మా వైపు అందరూ చెప్పేది ఒకటే, అయిపోతే డబ్బులు. దీపం రెండో విడత మన జిల్లాలోనే, ఈదుపురంలో, 2024 నవంబరు 1న మొదలుపెట్టారు కదా, ఏడాదికి మూడు ఉచితం. కానీ మొదలుపెట్టినప్పుడు ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడేవి. ఆ ముందు కట్టేదే కష్టమయ్యేది కొందరికి, ఖాతా ఎవరి పేరున ఉందో, ఆధార్ కలిసిందో లేదో కూడా చూడాలి. మూడు సిలిండర్లతో ఏడాది మొత్తం వంట, కుడితి, వేణ్ణీళ్ళు జరగవు, అందుకే దాచుకుంటారు. నేను అనేది, దాచుకోవద్దు, ఈ పిల్ల కడుపుతో ఉన్న నెలలకీ బాలింతగా ఉన్న నెలలకీ వాడెయ్యండి. కుడితి, వేణ్ణీళ్ళ కాగు పెరట్లో చెట్టు కింద పెట్టుకోండి, గోడ లేని చోట. అన్నం కూర గ్యాస్ మీద. ఎండిన కట్టె తప్ప పచ్చి మట్ట పెట్టొద్దు.

బిడ్డ బరువు కోసమైతే ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోమనండి, హిమోగ్లోబిన్ ఎంతో అడగండి, బీపీ ప్రతి నెలా చూపించండి. మన ప్రాంతంలో ఇవేవీ వదిలెయ్యకూడదు. నల్లగా విరేచనం అవుతోందని మాత్రలు మానేసే పిల్లలు చాలామంది, అది మాత్ర వల్లే, భయపడక్కర్లేదని మీ అప్పకి చెప్పండి.

మందస కుర్రాడు:

అందరికీ చేతులెత్తి దండం. ఆదివారం వెళ్ళొచ్చాను. బావకి ఘనా సంగతి మొత్తం చెప్పాను, బరువులో తేడా రాలేదన్నది నిజమేనని ముందే ఒప్పుకున్నాను, దాంతో అతను కూడా మెత్తబడ్డాడు, ఆ ఊపిరి పరీక్ష గురించి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. అత్తగారిని గ్యాస్ ఎందుకు వాడరని అడిగితే డబ్బు సంగతి కాదని తేలింది. వాళ్ళ బంధువుల ఇంట్లో ఒకసారి సిలిండర్ అంటుకుందట, అప్పట్నుంచి ఆవిడకి రెగ్యులేటర్ తిప్పాలంటే టెన్షన్. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. పాత రబ్బరు ట్యూబు చూస్తే నిజంగానే పగుళ్ళు ఉన్నాయి. ఆ సాయంత్రమే పలాస వెళ్ళి కొత్తది తెచ్చి బిగించాం, సబ్బు నురగ రాసి బుడగలు రావట్లేదని ఆవిడ చేతే చూపించాం.

కాగు పెరట్లో పనస చెట్టు కిందకి మార్చాం. రాత్రి అన్నం గ్యాస్ మీదే ఉడికింది, మంట పెట్టినంతసేపూ అత్తగారు గుమ్మం బయటే నిలబడ్డారు. ఆశా అక్కా, మాత్రల సంగతి మీరన్నట్టే అయింది, మూడు వారాలుగా మానేసిందట, ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. బుధవారం బీపీ చూపించడానికి తీసుకెళ్తున్నాను, ఎంతుందో ఇక్కడ రాస్తాను.